సునంద కారు టాపు గుడ్డ

ధర్మవరం సునందకు కారు నడపడం వచ్చింది నలభై దాటాకే. భర్త ఆనంద్ చిన్నప్పటి నుంచి మగ్గం గుంతలో కూర్చుని నేసినవాడు. నడుము పట్టేసి మునుపటిలా కూర్చోలేకపోయాక, చీరలు ఊళ్లకు తీసుకెళ్లి అమ్మే పని సునంద ఎత్తుకుంది. బస్సుల్లో మూటలు మోసి మోసి విసుగెత్తి, పాత చిన్న కారొకటి కొని నడపడం నేర్చుకుంది. బెళుగుప్ప, కుందుర్పి, పామిడి, ఎక్కడ పెళ్లి కుదిరిందని తెలిస్తే అక్కడికి వెళ్లి చీరలు పరిచేది. మాట తప్పని మనిషని పేరు. కోపిష్టిదని కూడా పేరే.

ఆ కారులో పైకప్పుకు అంటించి ఉన్న గుడ్డ ఎండలకు జిగురు వదిలేసి, వెనక సీటు మీదికి సంచిలా వేలాడింది. సునంద గుండుసూదులు గుచ్చింది. గుడ్డ సూదుల మధ్య నుంచి మళ్లీ దిగింది. దాని వెనకున్న స్పాంజి పొడిపొడిగా తల్లో, మెడ మీద రాలేది. దులుపుకుని వెళ్లేది.

బెళుగుప్పలో ఒక పెద్ద రైతు భార్య పద్మప్రియ, కూతురి పెళ్లికి చీరలు చూస్తానంది. సునంద మూట విప్పి, మంచి తెల్లపట్టు చీర మడత తీసింది. మూట సందుల్లోంచి ఎలా దూరిందో, మడతలోంచి పసుపుపచ్చ పొడి చాప మీద రాలింది.

"ఈ చీర యాడ పడి ఉండెమ్మా? పురుగు కొట్టినట్లుండాదే," అంది పద్మప్రియ.

"పురుగు కాదక్కా. కారు టాపులో స్పాంజి. దులిపితే పోతాది."

"పెండ్లికూతురికి దులిపిన చీర పెడతారా ఎవురైనా?"

సునంద ఇంకో చీర తీసేలోపు ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయింది.

సీటు కవర్లు కుట్టే అంగట్లో అడిగితే కారు వదిలిపెట్టి పొమ్మన్నారు. ఎప్పుడిస్తారో చెప్పలేదు. ముహూర్తాల నెలలో కారు లేకుండా కుదరదు.

"మనమే ఏస్తాం," అన్నాడు ఆనంద్. "గుడ్డ నేసేటోళ్లకు గుడ్డ అంటించేది రాదా?"

అనంతపురం నుంచి స్పాంజి అతికిన గుడ్డ, డబ్బా జిగురు తెచ్చుకున్నారు. ఇంటి ముందు కారు నిలిపి పని మొదలుపెట్టారు. ఆనంద్ వంగలేడు కాబట్టి స్టూలు మీద కూర్చుని చెప్పడం అతని వంతు, చేయడం ఆమె వంతు. లైటు, చేతిపిడులు, ఎండకు అడ్డంపెట్టే పలకలు విప్పింది. గుడ్డ అంటి ఉన్న పెద్ద అట్టను వెనక తలుపులోంచి బయటికి లాగాలి.

"మెల్లగ లాగు. వంచితే ఇరుగుతాది."

"వంచకుండా ఎట్ల వస్తాది? నువ్వొచ్చి లాగు."

అట్ట టపీమని చప్పుడు చేసింది. మధ్యలో అడ్డంగా గీత పడింది. సునంద దాన్ని అలాగే బయటికి లాగి నేల మీద పరిచింది.

పాత స్పాంజి గీకడానికి మధ్యాహ్నమైంది. బట్టలుతికే బ్రష్షుతో రుద్దితే ఒకచోట లేచి ఇంకోచోట మెత్తుకునేది. చెమట పట్టిన చేతులకు ఆ పొడి అంటుకుని దురద. ఆ ఎండలోనే జిగురు పూసింది. గుడ్డ సరిగ్గా పట్టుకునేలోపే జిగురు ఆరిపోయింది. మళ్లీ పూస్తే, అప్పటిదాకా కదలని గాలి ఒక్కసారిగా లేచి వీధిలోని దుమ్మంతా దాని మీద పోసింది.

"పొద్దున్నే చేద్దామంటి కదా," అన్నాడు ఆనంద్.

"ఎప్పుడంటివి?"

"మనసులో అనుకున్యా."

సునంద బ్రష్షు నేలకేసి కొట్టి లోపలికి పోయి నీళ్లు తాగి వచ్చింది. దుమ్ము మీదే గుడ్డ పరిచి అరచేత్తో రుద్దింది. సాయంత్రానికి అట్ట కారులోకి ఎక్కింది. లైటు కోసం కోసిన కంత బెత్తెడు పక్కకు పడింది. అయినా గుడ్డ నిలబడింది, అది చాలనుకుంది.

అది నిలబడింది కుందుర్పి దాకానే. అక్కడ ఒక ఇంట్లో చీరలు చూపించి, ఎండలో నిలిపిన కారు దగ్గరికి వచ్చి తలుపు తీస్తే, గుడ్డ మొత్తం ఊడి సీట్ల మీద దుప్పటిలా పరుచుకుని ఉంది. సునందకు ఏడుపొచ్చింది, కోపం దాన్ని మింగేసింది. వీధిలో వాళ్లు చూస్తుండగానే రెండు చేతులా గుడ్డ పీకి వెనక్కి విసిరేసింది. మొండి అట్ట కింద ఇంటిదాకా నడుపుకుంటూ వచ్చింది.

జిగురు అమ్మిన అంగడివాడిని నిలదీస్తే, "అది చెప్పులకు ఏసే జిగురక్కా. కారుకని నువ్వు చెప్పల్యా," అన్నాడు.

"కారుకనే చెప్తిని. అడుగు, మా ఆయప్ప ఈడే ఉండాడు."

ఆనంద్ గోడకున్న క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు. చెప్పినట్టు అతనికీ గుర్తు లేదు. సునందకు అంగడివాడి మీదకన్నా అతని మీద ఎక్కువ మండింది.

ఈసారి కొత్త గుడ్డ, ఎండకు కరగని జిగురు తెచ్చారు. అట్టను మగ్గం ఉన్న గదిలో రెండు బల్లల మీద పెట్టి, తెల్లవారగానే తలుపులు మూసుకున్నారు. వంగే పని లేకపోయేసరికి ఆనంద్ కూడా చేయి వేశాడు. సగం గుడ్డ వెనక్కి మడిచి, సగానికి జిగురు పూసి, మధ్య నుంచి అంచుకు అరచేత్తో తోసుకుంటూ వెళ్లారు. తర్వాత రెండో సగం. విరిగిన గీత దగ్గర చిన్న మడత పడింది. లాగబోతే స్పాంజి తెగేలా ఉందని ఆనంద్ ఆమె చేయి పట్టుకున్నాడు.

"ఇడ్సిపెట్టు మే. ఎవురూ పైకి చూడరు."

"నేను చూస్తా రోజూ," అంది. అయినా వదిలేసింది.

గుడ్డ ఎండాకాలమంతా నిలిచింది. పద్మప్రియ మాత్రం చీరలన్నీ వేరేచోట కొనేసిందని తెలిసింది. సునంద మళ్లీ బెళుగుప్ప వెళ్లినా ఆ వీధి తొక్కలేదు.

మొన్న పామిడి నుంచి వస్తుంటే డ్రైవరు పక్క కిటికీ అద్దం సగంలో ఇరుక్కుంది. ఇంటికి చేరాక ఆనంద్ కారు చుట్టూ తిరిగి చూసి, "తలుపు ఇప్పి చూస్తాం, అంతే గదా," అన్నాడు.

"నువ్వు దాని జోలికి పోవద్దు," అంది సునంద. తాళంచెవి కొంగున కట్టుకుని లోపలికి వెళ్లింది.