నేను కలిపిన పది

నాలుగేళ్లుగా ఒక పది నా గుండె మీద కూర్చుంది. పది కిలోలు కాదు, పది అన్న అంకె.

మా బావ దుబాయి నుంచి ఊపిరితిత్తులు చెడి తిరిగొచ్చాడు. హైదరాబాద్ ఆసుపత్రిలో, రక్తాన్ని బయటికి తీసి ఆక్సిజన్ కలిపి లోపలికి పంపే మిషన్ పెట్టారు. అయినా తెర మీద ఆక్సిజన్ అంకె నూటికి ఎనభై ఆరు దాటలేదు. జ్వరం తగ్గించారు, రక్తం ఎక్కించారు, పంపు వేగం పెంచారు. ఎనభై ఆరే.

డాక్టరమ్మ విడమరిచింది. గుండె నిమిషానికి ఆరు లీటర్లు తోస్తుంటే మిషన్‌లోకి నాలుగే వెళ్లి నూటికి నూరు ఆక్సిజన్‌తో వస్తున్నాయి, మిగతా రెండూ అరవైతోనే వచ్చి కలుస్తున్నాయి. మూత్రం వస్తోంది, ఒళ్లు వెచ్చగా ఉంది, అంకె కోసం పరుగెత్తొద్దు అంది. నేను సిరిసిల్లలో మరమగ్గాల గుడ్డ కొలిచేవాణ్ణి, పదో తరగతి తప్పినవాణ్ణి. మెట్ల మీద కూర్చుని మందుల చీటీ వెనక లెక్క వేశాను. ఎనభై ఆరు పైచిలుకు వచ్చింది! ఎంత సంబరపడ్డానో.

అప్పుడే కోరుట్ల నుంచి అక్క ఫోన్.

"తమ్మీ, ఇయ్యాల ఎంతున్నదిరా?"

"తొంభై ఆరు."

"అగో! గా ఆక్సిజన్ సూసే క్లిప్పు వేలుకు పెట్టుకుంటే నాకే తొంభై అయిదు సూపెడుతున్నది. మీ బావ నాకంటె మంచిగున్నడు! మరి నేను రావాల్నా?"

"ఎందుకక్కా, పోరగాండ్లను సూస్కో."

అక్క రాలేదు. ఉతికితే కురచవుతుందని గుడ్డకు కొంత కలిపి కోయడం మా పద్ధతి. అలాగే రోజూ సరిగ్గా పదే కలిపాను, అదేదో నిజాయితీ అయినట్టు. నాకు అర్థమైన లెక్క ఆమెకు అర్థం కాదని ఎందుకనుకున్నాను? బీడీలు చుట్టి, కట్టలో ఒక్కటి తక్కువైనా చేత్తోనే పసిగట్టే మనిషి! మిషన్ మీద ఉన్న ఆ పదకొండు రోజుల్లో బావ పోయి ఉంటే, ఆమెకు కడసారి చూపు లేకుండా చేసినవాణ్ణి నేనే.

బావ బతికాడు. ఇప్పుడు ఆటో నడుపుతూ నా బట్టతల మీద జోకులేస్తాడు. అక్కేమో "మా ఆయనది తొంభై ఆరు దిగలే" అని అందరికీ గొప్ప చెబుతుంది. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి.

మొన్న మల్యాల నుంచి ఒకామె, బావకు అప్పుడు ఎంత ఉండేదని అక్కను అడిగిందట. భర్త అదే మిషన్ మీద ఉన్నాడు, అంకె ఎనభై నాలుగు. అక్క గొప్ప విని, ఇక లాభం లేదు, ఇంటికి తెచ్చుకుంటా అంటోందట.

నంబరు తీసుకుని నేనే ఫోన్ చేశాను. అందరి ఒళ్లూ ఒకటి కాదమ్మా, ముందు డాక్టర్‌ను అడుగు, మా బావది మాత్రం ఎనభై ఆరే అన్నాను. మీ అక్క వేరేగా చెప్పిందే అంది. ఎందుకో అదీ చెప్పాను.

సాయంత్రానికి అక్కకు చేరుతుంది. తిడుతుందో, మాటలే మానేస్తుందో తెలియదు. ఎనభై ఆరు. మొదటిసారి ఏమీ కలపకుండా చెప్పాను.