ఎండలో కాల్చిన మెరుపు మందు

నాకు అక్షరాలొచ్చింది మనవరాళ్ళు పుట్టినాక. అందుకే ఇంతకాలం ఇది రాయలేకపోయినాను. కోపం మాత్రం అప్పటిదే.

మంచాన పడిన అమ్మకు ఒక్క ఫోటో తీయించాలని మా నాయన కంభం నుంచి ఫోటోలాయన్ను పిలిపించినాడు. అమ్మ పడుకున్న గదికి కిటికీ లేదు.

"ఈ మందు పొడి భగ్గున మండితేనే చీకట్లో మొహం పడుతుంది. ఒక్కసారికే ఉంది," అన్నాడాయన.

ఆ మాట వినీ వినకముందే మా చిన్నాయన తలపాగా చుట్టుకొని, వాకిట్లో ఎండలో కుర్చీ వేసుకున్నాడు.

"ముందు నాకు తియ్యవయ్యా, ఆ మెరుపుతోనే."

"ఎండలో మెరుపెందుకు చిన్నాయనా? అది అమ్మకు," అన్నాను.

"లేవలేని మనిషికి ఫోటో ఏందే? పో, మజ్జిగ తీసుకరా."

పొడి భగ్గుమంది. మగవాళ్ళంతా చప్పట్లు కొట్టినారు. నాయనా వాళ్ళతో కలిసి కొట్టినాడు. లోపల నుంచి అమ్మ, "నా వంతు వచ్చిందా?" అని అడిగింది.

మంచం బయటికి తెద్దామని నేనంటే, ఆడమనిషిని నలుగురిలో పండబెడతారా అని చిన్నాయన అరిచినాడు.

మరుసటి రోజు పొద్దున్నే, బండెక్కబోతున్న ఫోటోలాయన్ను ఆపి, అమ్మ మంచాన్ని నేనొక్కదాన్నే ఎండలోకి ఈడ్చినాను. "ఇప్పుడు తియ్యి," అన్నాను.