మామ బిగించిన మోటారు

ప్రొద్దుటూరులో నాకు మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే అంగడి ఉంది. తొమ్మిదో తరగతిలో లెక్కల సారు నన్నూ, నేను లెక్కలనూ ఒకేసారి వదిలేసుకున్నాం. అప్పటి నుంచి కాలిన మోటార్ల వాసనే నా చదువు. పక్క అంగడిలో బంగారు పని చేసే ఆయనను మామా అంటాను. వరసకు ఏమీ కాడు. పిలుపుకే మామ.

ఆయనకు రిమోటు కార్ల పిచ్చి. కారు మూరెడే ఉంటుంది కానీ వదిలితే వీధికుక్కలు కూడా అందుకోలేవు. లోపల బ్రష్‌లు లేని మోటారు, దానికి కరెంటును సర్ది పంపే చిన్న డబ్బా. ఆ డబ్బాను కంట్రోలర్ అంటారు. జమ్మలమడుగు పందెంలో మామ కారు రెండో చుట్టుకే నిలబడి పొగ వదిలింది. కంట్రోలర్ కాలిపోయింది.

"ఏంది మామా, సాంబ్రాణి ఏస్తాండావా?" అన్నారు పులివెందుల నుంచి వచ్చినవాళ్ళు.

మామ కారు చంకన పెట్టుకుని బస్సెక్కాడు. ఇంటికొచ్చి ఇంకో కంట్రోలర్ తెప్పించాడు.

"ఇది గూడా కాలిందంటే కారు అమ్మేస్తాప్పా. మళ్ళా ఈ ఊసు ఎత్తొద్దు" అన్నాడు. ఆదివారం పులివెందులలో పందెం.

ఆ వారమంతా నాకు కుదురు లేదు. మిక్సీ సగం విప్పి లేచిపోవడం, మోటారు మీద వేలు పెట్టడం, కాల్చుకుని రావడం. కారు మీద టోపీలా ఉండే డొప్పకు గాలి కోసం కిటికీలు కోశాను. పాత కంప్యూటర్ ఫ్యాను తగిలించాను. మోటారుకు భారం తగ్గాలని దాని పళ్ళచక్రం తీసి ఇంకా చిన్నది వేశాను, మోటారును బిగించేది మాత్రం మామే. వెనక సందులో ఒక్క చుట్టు తిప్పితే చాలు, డబ్బా మళ్ళీ కాగేది. ఎక్కడ కాలిపోతుందోనని వెంటనే ఆపేవాళ్ళం.

"జొరం సూసినట్టు చెయ్యి పెట్టేది తప్ప నీకేం తెల్సప్పా?"

"డాక్టరు కన్నా నయం మామా, నేను సూది ఎయ్యను."

శనివారం ఏమీ తోచక మోటారు తీగలు ఊడదీసి, టైరును చేత్తో తిప్పాను. మూలిగి ఆగిపోయింది. మోటారును విప్పి పక్కన పెట్టి మళ్ళీ తిప్పాను. ఈసారి ఆగకుండా తిరుగుతూనే ఉంది. మోటారును మళ్ళీ ఉన్నచోటే బిగించమని మామకిచ్చి, ఆయన రాళ్ళు చూసే భూతద్దం కంటికి పెట్టుకున్నాను. మోటారు పళ్ళచక్రం టైర్లను తిప్పే పెద్ద పళ్ళచక్రాన్ని ఎంత అదిమిపట్టుకుందంటే మధ్యలో వెలుతురు కూడా దూరడం లేదు.

"ఎప్పుడూ ఇట్లే బిగిస్తావా మామా?"

"మరి? యాడన్నా సందుందేమో సూడు. కమ్మలో రాయి పొదిగినట్టు కూర్చోబెట్టినా."

"అదే రోగం. రాయి కదలగూడదు, ఇది కదలాల. తిరగలేక మోటారు శానా కరెంటు లాగుతాంది, డబ్బా కాగుతాంది."

"సందు పెట్టమంటావా? నా చేత్తోనా?"

ఆయన బాధ నాకు తెలియనిది కాదు. మా ఊళ్ళో ఆడవాళ్ళు కొత్త కమ్మను చెవి దగ్గర ఊపి చూస్తారు. లోపల రాయి కదిలిన చప్పుడు వచ్చిందంటే నగ వెనక్కి తిరిగి వచ్చినట్టే. సందు లేకుండా పని చేసి పేరు తెచ్చుకున్న మనిషి ఆయన.

నగలు చుట్టే గులాబీ కాగితం చించి ఆ రెండు చక్రాల పళ్ళ మధ్య పెట్టాను. మోటారును దగ్గరికి నొక్కి మరలు బిగించి, టైరు తిప్పి కాగితం బయటికి లాగేశాను. కాగితమంత సందు మిగిలింది. నేను ఆ పని చేస్తున్నంతసేపూ మామ గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. కారు వదిలితే కిరకిరమంది. ఆ చప్పుడుకు ఆయన మొహం పన్ను పీకించుకున్నట్టు అయింది.

పులివెందుల మైదానంలో ఎండకు నిలవలేకపోయాం. మామ రిమోటు తిప్పుతూ ప్రతి చుట్టుకూ అడిగాడు.

"వాసన వస్తాందా?"

"వస్తాంది మామా. ఎవరో బజ్జీలు ఏస్తాండారు."

అన్ని చుట్లూ పూర్తయ్యాయి. నాలుగో స్థానం వచ్చింది. కంట్రోలర్ బతికింది. పొగ కోసం ఎదురుచూసినవాళ్ళు ఆ బజ్జీలే తిని సరిపెట్టుకున్నారు.

తిరుగు బస్సులో కారు ఒళ్ళో పెట్టుకుని మామ టైరు తిప్పుతూనే ఉన్నాడు. కిరకిర. కాసేపటికి చెయ్యి జేబులోకి పోయి స్క్రూడ్రైవర్‌తో బయటికి వచ్చింది.

"రవ్వంత బిగిస్తానప్పా. రవ్వంతే."

స్క్రూడ్రైవర్ లాక్కున్నాను. ప్రొద్దుటూరు బస్టాండు దాకా దాని మీదే కూర్చున్నాను.