మా బావ ఇంజను కుక్క

గనులు సర్కారు చేతికి వచ్చి ఏళ్ళు గడిచినా, మా బావ మనసులోంచి దొరలు పోలేదు. ఆయన చాంపియన్ రీఫ్స్ బంగారు గనిలో మనుషుల్ని లోపలికి దించి, పైకి తెచ్చే ఇంజను నడిపేవాడు. ఎవరో ఆఫీసరు బంగ్లాలో అల్సేషన్ ఈనిందని విని, అక్కడి తోటమాలిని బతిమాలి ఒక ఆడ కుక్కపిల్లను తెచ్చాడు. ఇక చూడాలి ఆ బడాయి! మా వీధి కుక్కలు ఆయన కంటికి కుక్కల్లాగే కనబడలేదు.

దాని రొమ్ము మీద చెయ్యి పెడితే లోపల జుమ్మని అదిరేది. ఇంటికి వచ్చిన ప్రతివాడి చెయ్యీ పట్టుకొని అక్కడ ఆనించేవాడు.

"చూడప్పా, ఇంజను! జాతి కుక్కకే ఉంటాది ఇది. మీ ఊరకుక్కకు యాడుంటాది?"

వాళ్ళూ తలలూపి, దీనికి పిల్లలు పుడితే మాకొకటి అనేవాళ్ళు. తల ఊపడానికి ఖర్చేముంది!

అదేమో నాలుగడుగులు పరిగెత్తి కూలబడేది. దాన్ని సాకింది మా అక్క. ఆమె పోరు పడలేక బావ పశువుల డాక్టరు దగ్గరికి బయలుదేరాడు. నేనూ వెళ్ళాను.

డాక్టరు గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. "తల్లి కడుపులో ఉండేటప్పటి రక్తనాళమప్పా ఇది. పుట్టినాక మూసుకోవల్ల. దీనికి మూసుకోలేదు. ఆ అదురు దానిదే. బెంగళూరులో ఆపరేషన్ చేసి కట్టేస్తారు. అందాకా పరిగెత్తించొద్దు."

బయటికి రాగానే బావ ఉమ్మేశాడు. "బంగ్లా పిల్లకు పుట్టుకతో జబ్బా? ఆవులు చూసేవాడికి కుక్కల సంగతి ఏం తెలుసు?"

గనిలో ఇంజను కాస్త గరగరమన్నా ఆపేసి ఫిట్టరు కోసం కేకలేసే మనిషి ఈయన!

ఒక ఆదివారం బజారు నుంచి బియ్యం షావుకారు కుక్కను చూడటానికి వచ్చాడు. బావ దాన్ని మైదానంలో ఒక కొసన వదిలి, రెండో కొస నుంచి ఈల వేశాడు. సగం దూరం ఉరికి అది పడిపోయింది. మా అక్క కొంగు జారిపోతున్నా చూసుకోకుండా పరుగెత్తింది.

"పిలవాకయ్యా! నీకు దండం పెడతా, పిలవాకు!"

షావుకారు ముందు చిన్నబోవడమా? మళ్ళీ ఈల వేశాడు. అది లేచింది. పిలిస్తే పోవాలని తప్ప దానికేం తెలుసు? తూలుతూ పోయి బావ బూట్ల మీద పడింది. అక్క రొమ్ము తడిమి చూసింది. అదురు లేదు.

"ఆ డాక్టరు నోరు మంచిది కాదు. అన్నట్టే అయిపాయ," అన్నాడు బావ. సిగ్గన్నది ఉంటే కదా! ఈనాటికీ అదే మాట.

ఆయన డ్యూటీ దిగి వచ్చి వీధిలోంచి ఈల వేస్తే అక్క వెళ్ళి తలుపు తీయడం వాళ్ళింట్లో అలవాటు. మరునాడు ఈల వినబడింది. ఇంకోసారి వినబడింది. అక్క పొయ్యి దగ్గర నుంచి లేవలేదు.

"నోరుండాది కదా," అంది నాతో. "పేరు పెట్టి పిలవమను."