టిఫిన్ డబ్బాలో షికాగో బెజ్జాలు

కువైట్‌లో కబ్ద్ నుంచి సాల్మియాకు పోయేవాళ్ళు శనివారం పొద్దున బయలుదేరండి. ఆఫీసులుండవు, రోడ్డు ఖాళీగా ఉంటుంది. మేము ఎనిమిదికి బయలుదేరాము. కారు మా అరబ్బు యజమానిది, మేము బాబా అంటాం. ఆయన తోటలో నేను వంటమనిషిని. తోలేది సిద్దయ్య, మా రాయచోటి పక్కవాడే. వెనక సీట్లో బాబా, ముందు నేను, నా ఒళ్ళో స్టీలు టిఫిన్ డబ్బా. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. చూసింది చూసినట్టే రాస్తాను.

డబ్బాలో తిండి లేదు. పల్చని గాజు కాగితం మధ్య రెండు పాత అమెరికా స్టాంపులున్నాయి, విడదీయని జంట. ఇటుక రంగు, రెండింటి మీదా ఒకే దొర తల. బాబా తండ్రి బొంబాయికి ఓడ నడిపిన రోజుల్లో ఎవరో బేరగాడు ఇచ్చినవట. తండ్రి పోయాక ఇవి ఎవరివన్న పంతంతో అన్నదమ్ములిద్దరికీ మాటలు లేవు. వచ్చే వారం బాబాకు గుండె ఆపరేషన్. ఆలోపు తమ్ముడి వాటా తమ్ముడికి ఇచ్చెయ్యాలనే ఈ ప్రయాణం.

"డబ్బా గట్టిగా పట్టుకోక్కా. సాంబారు ఒలికితే తుడ్చుకుంటాం. ఇది పోతే మనిద్దరి ఇఖామా ఖలాస్, ఊరికి పంపేస్తారు," అన్నాడు సిద్దయ్య.

"నువ్వు రోడ్డు చూసి తోలు నాయనా."

తొమ్మిది దాటాక సిటీలో పాత సూక్ బజారు దగ్గర దిగాము. అక్కడ కారుకు చోటు దొరకదు, దూరంగా పెట్టి నడవడమే మేలు. ఒక సందులో కేరళ ముసలాయన పాత నాణేలు, స్టాంపులు అమ్ముతాడు. ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. దొంగ సరుకేమో అనుకున్నాను.

నాకూ తెలియాలని ఆయన హిందీలో చెప్పాడు. మొదట్లో అమెరికా స్టాంపులకు అంచున బెజ్జాలు ఉండేవి కావట. పెద్ద తావు నుంచి కత్తెరతో కత్తిరించుకోవాలట. సర్కారు బెజ్జాలు వెయ్యకముందే షికాగోలో ఎవరో సొంతంగా యంత్రంతో వేసుకున్నారట. అలాంటివి మిగిలింది బహు తక్కువ. ఇవి అవేనట.

"ధర దేనికి? బొమ్మకా?" అన్నాను.

"బొమ్మ మామూలే. బెజ్జాలకు!"

బెజ్జమంటే కాగితం లేని చోటు. లేనిదానికి ధరా! ఎంతో ఆయన బాబా చెవిలో చెప్పాడు. బాబా గోడ పట్టుకున్నాడు.

"విడదీశారా, నాశనమే. చేత్తో ముట్టుకోకండి," అంటూ ఆయనే డబ్బాకు మూత పెట్టాడు.

సూక్‌లో రొట్టె, పప్పు తిన్నాము. ముగ్గురికీ దీనారులోపే. బాబా తన రొట్టె ముట్టలేదు.

సాల్మియా చేరేసరికి పన్నెండు. సముద్రం పక్కన మేడ, అయిదో అంతస్తు. బాబాను చెయ్యి పట్టి నడిపించాలి కనుక మేమూ లోపలికి వెళ్ళాము. తమ్ముడు సలాం చెప్పి, కూర్చోబెట్టి, తనే కాఫీ పోసి ఇచ్చాడు. బాబా అందుకుని, తాగకుండా కప్పు కింద పెట్టాడు. నా తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళకు తమ్ముడి గడప తొక్కి కాఫీ వద్దంటాడా! సిద్దయ్యను గిల్లాను.

"వద్దనలేదక్కా. ఏందో అడగను వచ్చినాడని లెక్క. వాళ్ళు సరే అనేదాకా తాగడు. ఈళ్ళ పద్ధతి," అని గొణిగాడు.

డబ్బా తెరిచి పెట్టాను. దుకాణంలో విన్నదంతా బాబా దాచకుండా చెప్పాడు, ధరతో సహా. "నీ సగం తీసుకో," అన్నాడు.

"నాకొద్దు. రెండూ నువ్వే ఉంచుకో."

"సగం."

నేను ఉండబట్టలేక నాకొచ్చిన అరబ్బీలో అనేశాను. "చింపొద్దన్నారు కదా బాబా! అమ్మి పంచుకోండి."

"అమ్మితే డబ్బు మిగులుతుంది. నాన్నది ఏం మిగులుతుంది?" అన్నాడు బాబా.

కాఫీ చల్లారింది. తమ్ముడు దాన్ని పారబోసి వేడిది పోశాడు. బాబా అదీ కింద పెట్టాడు.

"చిన్నప్పటి నుంచీ ఇదే మొండితనం," అన్నాడు తమ్ముడు.

"నువ్వేమో మహా మెత్తన!"

తమ్ముడు వంగి స్టాంపులు ఒట్టి చేత్తో తీశాడు. బెజ్జాల వెంట ఇటు మడిచాడు, అటు మడిచాడు. పర్రున చిన్న చప్పుడు. నేను అయ్యో దేవుడా అని అరిచాను. సిద్దయ్య నా మోచెయ్యి పట్టుకున్నాడు.

తమ్ముడు తన సగాన్ని కిటికీ వెలుతురులో చూశాడు. "అంచున ఒక్క పన్ను విరగలేదు. షికాగో వాడికి పనొచ్చు," అన్నాడు.

బాబా కప్పెత్తి ఒక్క గుక్కలో తాగేసి మళ్ళీ చెయ్యి చాపాడు. తమ్ముడు పోస్తుంటే సగం పళ్ళెంలో పడింది.

రాత్రికి అక్కడే ఉంటానని, తన సగాన్ని డబ్బాలో పెట్టి నాకిచ్చాడు బాబా. నాలుగింటికి మేమిద్దరమే తిరుగుదారి పట్టాము. చింపడానికే ఆ షికాగో మనిషి బెజ్జాలు వేసింది, ఇంతకాలం చింపనందుకు వాటికి ధర. ఈ లోకం తీరు నాకు అంతుపట్టలేదు.

కబ్ద్ మలుపు దగ్గర సిద్దయ్య అన్నాడు: "ఇంక అంత గట్టిగా పట్టుకోనక్కర్లేదులేక్కా. ఒకటే గదా ఉండేది."

నేను డబ్బాను రెండు చేతులా పట్టుకున్నాను.