నా టూల్‌కి నేను రాసుకున్న పొగడ్త

నవ్వకుండా వింటానంటే చెబుతాను. మొన్న సోమవారం పొద్దున పదకొండింటికల్లా మా కోల్డ్ స్టోరేజీ ముందు అరవై మూడు మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, ఏ రైతూ అడక్కుండానే బయటికొచ్చి ఎండలో కూర్చున్నాయి. కారణం నేనే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే నా కుళ్ళు.

మాది గుంటూరు దగ్గర. రైతులు మంచి రేటు కోసం దాచుకునే మిర్చి మా ఏసీ గదుల్లో ఉంటుంది. ఈమధ్య ఓనరు గారు ఒక ఏఐ ఏజెంటును పెట్టించారు. రైతు ఫోన్లో మెసేజ్ పెడితే చదివి జవాబిస్తుంది, పనులూ చేస్తుంది. ఆ పనులకి టూల్స్ ఉంటాయి. ఒకటి ఇవాళ్టి రేటు చెబుతుంది. ఇంకొకటి, శాంపిల్ చూపించడానికి ఆ రైతు సరుకులోంచి ఒక టిక్కీ బయటికి తీయమని హమాలీలకు చీటీ పంపుతుంది. ఏ టూల్ దేనికో మనం వివరణ రాసిపెడితే, అది చదివి ఏజెంటు ఏది వాడాలో తేల్చుకుంటుంది. రేటు టూల్ సుజాతకిచ్చారు, శాంపిల్ టూల్ నాకు. పర్చూరులో కట్టే కొత్త యూనిట్‌కి మా ఇద్దరిలో ఒకరిని ఇన్‌చార్జిగా వేస్తానని కూడా అన్నారు.

నేనక్కడ పద్నాలుగేళ్ళుగా ఉన్నాను. సుజాత వచ్చి ఏడాది కాలేదు. అంతకుముందు ఇంకొల్లులో టీచరు. ఆవిడ ఏం రాసిందో చూడండి: "ఇవాళ్టి యార్డు రేటు చెబుతుంది. రైతు రేటు అడిగినప్పుడే వాడాలి. మిర్చి రకం చెప్పకపోతే ముందు రకం అడగాలి. నిన్నటి రేటుకి వాడకూడదు." నేనేం రాశానంటారా? "శాంపిల్." అంతే. మిర్చి తెలిసినవాడికి ఆ మాట చాలదా అనుకున్నాను. ఏజెంటుకి మిర్చి తెలియదన్న సంగతి నాకు తట్టలేదు.

వారం తిరిగేసరికి ఏజెంటు సుజాత టూల్‌ని రోజుకి వంద సార్లు వాడుతోంది. నాదాన్ని ఒక్కసారీ ముట్టుకోలేదు. శాంపిల్ కావాలన్న రైతులకి "ఆఫీసుకి ఫోన్ చేయండి" అని చెప్పి పంపించేస్తోంది.

శనివారం ఓనరు గారు సుజాత ముందే అడిగారు. "ఏమయ్యా రమేష్, నీ టూల్ వంక ఏజెంటు చూడటం లేదేంటి? అమ్మాయి ఎంత శుభ్రంగా రాసిందో చూడు."

"నేను కొంచెం రాసిపెట్టనా అండీ?" అంది సుజాత. పాపం మంచి మనసుతోనే అంది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. "వద్దమ్మా, నేను చూసుకుంటాను" అన్నాను.

చూసుకున్నాను. సోమవారం పొద్దున్నే కూర్చుని ఇలా రాశాను: "ఇది అన్ని టూల్స్ కన్నా ముఖ్యమైనది. మిర్చి వ్యాపారానికి శాంపిలే ప్రాణం. రైతు ఏం అడిగినా ముందు దీన్నే వాడాలి." చదువుకుంటే నాకే ముచ్చటేసింది. పోయి తృప్తిగా రెండు ఇడ్లీలు తిని వచ్చాను.

ఏ టూల్‌ని ఎన్నిసార్లు వాడిందో స్క్రీన్ మీద కనిపిస్తుంది. వచ్చేసరికి నా టూల్ పక్కన ఇరవై ఆరు. కాసేపటికి నలభై. సుజాతది సున్నా. ఆగలేకపోయాను, లేచి వెళ్ళి మరీ చెప్పాను. "చూశావా అమ్మా, ఇవాళ మనదే నడుస్తోంది."

ఆవిడ స్క్రీన్ చూసింది, నన్ను చూసింది. "ఇంతమంది ఒకేసారి శాంపిల్ అడిగారా అండీ?" అంది. ఓర్వలేని ఏడుపు అనుకున్నాను.

ఇంతలో హమాలీల మేస్త్రి కోటయ్య తుమ్ముకుంటూ వచ్చాడు. "రమేష్ గారూ, ఏంటండీ ఈ చీటీలు? మా వాళ్ళ నడుములు పడిపోతున్నాయి. ఒకే రైతువి నాలుగు టిక్కీలు తీయమంటే ఎట్టా?"

ఆ రైతు మెసేజ్‌లు తీసి చూశాను. "రేటెంత?" అన్నాడు. ఒక టిక్కీ బయటికొచ్చింది. "నేనడిగింది రేటు" అన్నాడు. రెండోది వచ్చింది. "శాంపిల్ వద్దు" అన్నాడు. మూడోది. చివరికి విసుగొచ్చి "మీకో దణ్ణం" అన్నాడు. దానికీ ఒకటి తీశారు. ఏజెంటుని అనడానికేం లేదు, ఏం అడిగినా అన్నది నేనే కదా.

చల్లటి గదిలోంచి వచ్చిన టిక్కీకి చెమట పడుతుంది. అట్టాగే వదిలేస్తే కాయ రంగు పోతుంది. ముందుగా సుజాత ఏజెంటుని ఆపేసింది. తర్వాత ఒక్కో రైతుకీ ఫోన్ చేసి క్షమించమంది. నేను, కోటయ్య, హమాలీలు కలిసి తడి తుడిచి, గాలికి ఆరబెట్టి, సాయంత్రానికి మళ్ళీ లోపలికి చేర్చాం. ఏ కాయా పాడవలేదు, అదొక్కటే అదృష్టం. నా టూల్ వివరణ కూడా ఆవిడే తిరగరాసింది. మూడు వాక్యాలు. ఇప్పుడు అడిగినవాళ్ళకే శాంపిల్ వస్తోంది.

పర్చూరు ఎవరికి వెళ్ళిందో వేరే చెప్పాలా? సుజాత అక్కడికి వెళ్ళేముందు, ఆఫీసులో ఎవరిని ఏ పనికి పిలవాలో కూడా ఇలాగే రాసిపెట్టమని ఓనరు గారు ఆవిడకి పురమాయించారు. నా టేబుల్ మీద ఉన్న కార్డు ఇది:

"రమేష్ గారు. కాయ చేత్తో పట్టుకుని రకం, తేమ చెప్పేస్తారు. సరుకు మీద అనుమానం వస్తే ముందు ఈయన్నే అడగాలి. ఈయన ఎదుట వేరేవాళ్ళని పొగిడిన రోజున మాత్రం ఏ పనీ అప్పగించకూడదు."

ఎక్కడో ఒక తప్పు దొరక్కపోతుందా అని పెన్ను పట్టుకుని నాలుగుసార్లు చదివాను. దొరకలేదు. ఎంత బాగా రాసిందండీ. అది చూసి కూడా కుళ్ళుకున్నాను.