మొగుడు లేడని మాత్రమే చెప్పాను

తాండూరు బస్టాండులో కూరగాయల సంచి పట్టుకుని నిలబడ్డాను. కుడివైపు పొత్తికడుపులో కోసేసినట్టు నొప్పి లేచింది. సంచి కింద పెట్టి అక్కడే కూర్చున్నాను. కాసేపటికి తగ్గింది. గ్యాస్ అనుకున్నాను. కానీ రెండు రోజులుగా బట్ట మీద కొంచెం కొంచెం రక్తం మరక పడుతోంది. నెల తప్పి పదిహేను రోజులైంది. అది నాకు తెలుసు.

నాకు చదువు సరిగ్గా రాదు. మా వాడకు వచ్చి నిరోధ్‌లు ఇచ్చిపోయే చెల్లె, నేను చెబుతుంటే రాస్తోంది. పేరు వద్దన్నాను.

నా భర్త పోయి ఆరేళ్లు. అత్త, నా బిడ్డ, నేను ఉంటాం. బండల పాలిషింగ్‌కు పోతున్నానని ఇంట్లో చెప్పేదాన్ని. కొన్ని రోజులు నిజంగానే పోయేదాన్ని. మిగతా రోజులు మగవాళ్ల దగ్గరికి పోయేదాన్ని. నిరోధ్ లేకుండా ఒప్పుకోను. ఆ నెల ఒకడు గొంతు పట్టుకున్నాడు, నా మాట సాగలేదు. పోలీసుల దగ్గరికి పోతే నువ్వక్కడ ఎందుకున్నావని ముందు నన్నే అడుగుతారు. ఊరుకున్నాను.

మర్నాడు అత్త నన్ను ఒక చిన్న క్లినిక్‌కు తీసుకుపోయింది. అక్కడి సిస్టర్ నా నుదురు చూసింది, మెట్టెలు లేని కాలివేళ్లు చూసింది. మీ ఆయన ఏం చేస్తాడని అడిగింది. లేడన్నాను. ఇంకేం అడగలేదు. అత్త పక్కనే ఉంది, నేనూ చెప్పలేదు. ఆమె కొడుకు భార్యననే కదా ఆ ఇంట్లో నాకు చోటు. గ్యాస్ గోళీలు, నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి పంపారు.

మూడో రోజు పొద్దున వాకిలి ఊడుస్తూ పడిపోయాను. భుజంలో కూడా నొప్పి, కళ్లకు చీకట్లు. అంబులెన్స్‌లో వికారాబాద్ దవాఖానకు తెచ్చారు. దారి పొడుగునా అత్త నా అరికాళ్లు రుద్దుతూనే ఉంది.

అక్కడి డాక్టరమ్మ బీపీ చూసి, కడుపు నొక్కి, అత్తను బయటికి పంపించి తెర లాగింది.

"నీకు మొగుడున్నడా లేడా, నాకక్కర్లేదు. ఎవరితోనన్న కలిసినవా? డేట్ ఎప్పుడొచ్చింది? జల్ది చెప్పు, టైం లేదు."

అప్పుడు కూడా నేను కాసేపు ఆలోచించాను. ప్రాణం పోతోందని తెలిసీ, ఇల్లు పోతుందేమోనని ఆలోచించాను.

"నేను గదే పని చేస్త డాక్టరమ్మా. మా అత్తకు చెప్పకు."

"ఎవ్వరికీ చెప్ప," అంది.

మూత్రంతో చేసే గర్భం టెస్టు, యూపీటీ, పాజిటివ్ వచ్చింది. పిండం గర్భసంచిలో కాకుండా పక్క ట్యూబులో పెరిగి, ట్యూబు పగిలి, కడుపంతా రక్తమైందని స్కాన్‌లో తెలిసింది. దాన్ని ఎక్టోపిక్ అంటారట. వెంటనే ఆపరేషన్ చేసి ఆ ట్యూబు తీసేశారు. రెండు బాటిళ్ల రక్తం ఎక్కించారు.

డాక్టరమ్మ మాట తప్పలేదు. కానీ పక్క మంచం ఆమె నన్ను తాండూరులో ఎక్కడో చూసిందట. నా స్టూలు మీద పెట్టిన తన గిన్నె తీసేసుకుంది.

"గిసొంటోళ్లను మా నడుమ పండవెడ్తరా?" అంది.

అత్త పాలు తెచ్చి అక్కడే నిలబడి ఉంది. నేను కళ్లు మూసుకున్నాను.

"నా కోడలు బతికింది. నీకేం పోయింది? జర గమ్మునుండు," అంది అత్త.

ఆ తరువాత ఇంటికి వచ్చాక నాతో మాట్లాడడం మానేసింది. కుట్ల దగ్గర చీము పట్టింది. డ్రెస్సింగ్‌కు వెంట వచ్చేది, మాట లేదు. అన్నం ముందు పెట్టి అటు తిరిగేది. నెలన్నర అట్లాగే గడిచింది.

ఇప్పుడు ఐరన్ గోళీలు వాడుతున్నాను. బండలు మోయలేను. మగవాళ్ల దగ్గరికి పోవడం పూర్తిగా మానేశానని అబద్ధం చెప్పను. తగ్గించాను. హెచ్ఐవీ, సిఫిలిస్ టెస్టులు ఎప్పటికప్పుడు చేయించుకుంటున్నాను. ఇంకో ట్యూబు ఉంది కాబట్టి మళ్లీ అట్లాగే ట్యూబులో గర్భం వచ్చే ప్రమాదం ఉందని డాక్టరమ్మ చెప్పింది.

మొన్న ముట్టు రెండు రోజులు ఆలస్యమైంది. అత్త బట్టలు ఆరేస్తూ, ఇటు తిరగకుండానే అడిగింది.

"ముట్టయినవా?"

"కాలే అత్తమ్మా."

"అయితే చెప్పులేసుకో. పోదాం."

టెస్టు నెగటివ్ వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆమె పక్కనే కూర్చున్నాను.

నాలాంటి అక్కచెల్లెళ్లకు ఒక్కటి చెబుతాను. కడుపులో నొప్పి లేస్తే, వెంట వచ్చినవాళ్లను కాసేపు బయట ఉండమనండి. డాక్టరు అడగకపోయినా సరే, ముట్టు ఎప్పుడొచ్చిందో అదే ముందు చెప్పండి.